డీఓ చదువు, రెండు పరీక్షలు, ఒక మ్యాచ్: నా అనుభవం

2025 మార్చిలో నాకు ఇంటర్నల్ మెడిసిన్ (పెద్దవాళ్ళ జనరల్ వైద్యం) రెసిడెన్సీ మ్యాచ్ అయింది, అంటే అమెరికాలో మెడికల్ కాలేజీ అయ్యాక ఆసుపత్రిలో చేసే శిక్షణకు సీటు కేటాయించారు. అప్పటి నుంచి తెలిసినవాళ్ళు, తెలిసినవాళ్ళకు తెలిసినవాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. చదివే పిల్లలకంటే వాళ్ళ అమ్మానాన్నలే ఎక్కువ. "మా అమ్మాయికి ఎండీ సీటు రాలేదమ్మా, డీఓ వచ్చింది, చేర్చమంటావా?" అని మొదలుపెట్టి, చివరికి "కామ్లెక్స్ ఒక్కటి రాస్తే సరిపోతుందా, యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాయాలా?" దగ్గరికొచ్చి ఆగుతారు. రెండూ డాక్టరు లైసెన్సు పరీక్షలే. అసలు టెన్షనంతా ఆ రెండో ప్రశ్న దగ్గరే. నా జవాబేంటంటే, అందరూ అన్నీ రాయక్కర్లేదు, కానీ ఏది రాయాలో రెండో ఏడాది మధ్యలోనే తేల్చుకోవాలి, మూడో ఏడాది చివర్లో తీరిగ్గా చూద్దాంలే అంటే కుదరదు. నేనెలా తేల్చుకున్నానో, తర్వాత ఏమైందో చెబుతాను. కాస్త పొడుగవుతుంది.

డీఓ గురించి ముందు రెండు మాటలు. అమెరికాలో డాక్టర్ అవ్వాలంటే ఎండీ ఒక దారి, డీఓ (ఆస్టియోపతిక్ మెడిసిన్) ఇంకో దారి. రెండూ నాలుగేళ్ళే. డీఓలు కూడా మందులు రాస్తారు, సర్జరీలు చేస్తారు, 50 రాష్ట్రాల్లోనూ పూర్తి లైసెన్సు ఉంటుంది. దీంతోపాటు మాకు ఓఎంఎం అని, చేతులతో వెన్నుపూసలూ కండరాలూ కీళ్ళూ పట్టి చూసి సరిచేసే వైద్యం నేర్పిస్తారు. దీన్ని మొదలుపెట్టినాయన ఆండ్రూ టేలర్ స్టిల్. 1864లో ఆయన ఇంట్లో ముగ్గురు పిల్లలు మెనింజైటిస్‌తో పోయారు, ఆనాటి మందుల మీద ఆయనకు నమ్మకం పోయింది. 1892లో మిస్సోరిలోని కర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టారు. ఈ కథ మాకు మొదటి వారంలోనే చెప్పేస్తారు. మా పెద్దమ్మకు (ఒంగోలులో ఉంటుంది) ఇదంతా వివరిస్తే, అంతా విని "అయితే ఎముకల డాక్టరువి అన్నమాట" అంది. డాలస్‌లో మా అమ్మ స్నేహితులు ఇంకాస్త మర్యాదగా, "ఎండీ కూడా తర్వాత చేసుకోవచ్చేమో కదా" అనేవాళ్ళు. మొదట్లో ఓపిగ్గా సర్దిచెప్పేదాన్ని. తర్వాత నవ్వి ఊరుకోవడం అలవాటైంది.

ఇక పరీక్షల సంగతి. ఎండీ వాళ్ళు రాసేది యూఎస్‌ఎంఎల్‌ఈ, అందులో స్టెప్ వన్, స్టెప్ టూ సీకే, స్టెప్ త్రీ ఉంటాయి. డీఓ వాళ్ళకు ఎన్‌బీఓఎంఈ అనే బోర్డు పెట్టే కామ్లెక్స్, అందులో లెవల్ వన్, లెవల్ టూ, లెవల్ త్రీ. డీఓ పట్టా చేతికి రావాలంటే లెవల్ వన్, లెవల్ టూ పాసవ్వాల్సిందే. లైసెన్సుకు కామ్లెక్స్ చాలు, చట్టప్రకారం మాకు యూఎస్‌ఎంఎల్‌ఈతో పనే లేదు. మరి సగం క్లాసు డబ్బు కట్టి మరీ రెండోది ఎందుకు రాస్తుందంటే, రెసిడెన్సీ ఇచ్చేవాళ్ళ కోసం. 2020కి ముందు డీఓ రెసిడెన్సీలు వేరు, ఎండీ రెసిడెన్సీలు వేరు, డీఓలకు ఫిబ్రవరిలో విడిగా ఒక మ్యాచ్ కూడా ఉండేది. 2020 కల్లా రెసిడెన్సీలన్నీ ఒకే గొడుగు కిందికి వచ్చాయి, మ్యాచ్ ఒకటే అయింది, పరీక్షలు మాత్రం రెండుగానే మిగిలిపోయాయి. రెసిడెన్సీకి ఎవరిని పిలవాలో చూసే ప్రోగ్రామ్ డైరెక్టర్ ముందు వందల కొద్దీ, కొన్నిచోట్ల వేల కొద్దీ అప్లికేషన్లు ఉంటాయి. ఒకరికి స్టెప్ టూలో 245 అని ఉంటుంది, ఇంకొకరికి లెవల్ టూలో 560 అని ఉంటుంది. మొదటిదాని పాస్ మార్కు నేను రాసినప్పుడు 214, రెండోదానిది 400, స్కేలు 999 దాకా పోతుంది. 560 అంటే ఎంత మంచిదో చూసి చెప్పే కన్వర్టర్‌ను ఎన్‌బీఓఎంఈ పెట్టింది గానీ, అంత పనిలో ఉన్న మనిషి దాన్ని తెరిచి చూస్తాడా? ఆయన సాఫ్ట్‌వేర్‌లో ఫిల్టర్ ఉంటుంది. యూఎస్‌ఎంఎల్‌ఈ స్కోరు ఇంతకంటే తక్కువుంటే చూపించొద్దు అని పెట్టుకుంటే, అసలు స్కోరే లేనివాళ్ళు కూడా ఆ జల్లెడలోంచి జారిపోతారు. చెడ్డ ఉద్దేశం ఏమీ అక్కర్లేదు, బద్ధకం చాలు.

దానికి తోడు 2022లో ఇంకో మార్పు వచ్చింది. స్టెప్ వన్ జనవరి నుంచి, లెవల్ వన్ మే నుంచి పాస్/ఫెయిల్ అయిపోయాయి, మార్కులు ఇవ్వరు. పాస్/ఫెయిల్ అయ్యాక ఒత్తిడి తగ్గుతుందన్నారు. తగ్గలేదు, మొత్తం స్టెప్ టూ మీదికి వెళ్ళి కూర్చుంది.

మా నాన్నకు బాగా దగ్గరి స్నేహితుడు ఒకాయన, గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి తొంభైల్లో వచ్చిన డాక్టరు, నేను సలహా అడిగితే క్షణం ఆలోచించకుండా "అన్నీ రాసెయ్ అమ్మా, ఎందుకైనా మంచిది" అన్నారు. అంకుల్ అంటే నాకు చాలా గౌరవం. కానీ ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళకు యూఎస్‌ఎంఎల్‌ఈ లేకుండా గుమ్మం దాటే దారే లేదు, ఆయన లెక్క అక్కడి నుంచి వచ్చింది. మాకు అలా కాదు. "ఎందుకైనా మంచిది" అని రాసే ఒక్కో పరీక్షకు వందల డాలర్ల ఫీజు, ప్రశ్నల బ్యాంకులకు ఇంకొన్ని వందలు, వారాల కొద్దీ సమయం పోతుంది. పొరపాటున ఫెయిలైతే అది మార్కుల షీటు మీద శాశ్వతంగా ఉండిపోతుంది. రాయకపోతే ఖాళీ, అంతే. ఖాళీకి సమాధానం చెప్పుకోవచ్చు, ఫెయిల్‌కు చెప్పుకోవడం చాలా కష్టం.

నేను చేసిందేంటంటే, రెండో ఏడాది క్రిస్మస్ సెలవుల్లో కూర్చుని ఎక్సెల్ షీటు ఒకటి తెరిచాను. నాకు ఇంటర్నల్ మెడిసిన్ అని అప్పటికే గట్టిగా ఉంది. టెక్సస్, ఓక్లహోమా, మిస్సోరి, కాన్సస్ చుట్టుపక్కల ప్రోగ్రాములన్నీ రాసుకున్నాను. రెసిడెన్సీ ప్రోగ్రాముల వివరాలుండే ఫ్రైడా అనే వెబ్‌సైట్‌లో ప్రతి ప్రోగ్రామ్ దగ్గరా కామ్లెక్స్ తీసుకుంటారా లేదా అన్నది ఉంటుంది, అది ఒక గడి. కానీ "తీసుకుంటాం" అని రాయడం వేరు, నిజంగా ఇంటర్వ్యూకి పిలవడం వేరు. అందుకని ఒక్కో ప్రోగ్రామ్ సొంత పేజీకి వెళ్ళి, ఇప్పుడున్న రెసిడెంట్ల ఫోటోలు చూసి, ఎంతమంది పేర్ల పక్కన డీఓ ఉందో లెక్కపెట్టాను. ఇదొక్కటి చేయండి చాలు, మిగతా సలహాలన్నీ తర్వాత. మూడేళ్ళ బ్యాచుల్లో ఒక్క డీఓ కూడా కనిపించని చోట వెబ్‌సైట్‌లో ఎన్ని తియ్యటి మాటలున్నా దరఖాస్తు డబ్బు దండగ. సగం మంది డీఓలున్న చోట యూఎస్‌ఎంఎల్‌ఈ లేకపోయినా పెద్దగా పట్టించుకోరు. మధ్యలో మిగిలినవే, అక్కడొకరు ఇక్కడొకరు డీఓ ఉన్న యూనివర్సిటీ ప్రోగ్రాములే, స్టెప్ టూ స్కోరుతో తెరుచుకునేవి. నా షీటులో అలాంటివి గణనీయంగా ఉన్నాయి.

దాంతో లెవల్ వన్ రాసి, స్టెప్ వన్ వదిలేసి, మూడో ఏడాది తర్వాత స్టెప్ టూ సీకే, లెవల్ టూ రెండూ రాద్దామని నిర్ణయించుకున్నాను. చాలామందికి తెలియని విషయం ఏంటంటే స్టెప్ వన్ రాయకుండానే స్టెప్ టూ రాయొచ్చు. స్టెప్ త్రీకి మాత్రం ముందు రెండూ పాసై ఉండాలి, కానీ మాకు లెవల్ త్రీ ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. పాస్/ఫెయిల్ పరీక్షను రెండుసార్లు పాసైతే వచ్చే లాభం నాకు కనబడలేదు. నా రూమ్మేట్‌కు ఆర్థోపెడిక్స్ కావాలి, తను స్టెప్ వన్ కూడా రాసింది, తన లెక్కలో అదే సరైనది. ఫ్యామిలీ మెడిసిన్‌కు వెళ్ళిన ఇంకో స్నేహితుడు కామ్లెక్స్ తప్ప ఇంకేదీ ముట్టుకోలేదు, హాయిగా మ్యాచ్ అయ్యాడు.

లెవల్ వన్ 2023 జూన్‌లో రాశాను. మా కాలేజీ వాళ్ళు ముందు కామ్సే అనే మాదిరి పరీక్షలో వాళ్ళు పెట్టిన గీత దాటితే గానీ అసలు పరీక్షకు పంపరు. ఆ గీతను ఏప్రిల్‌లో ఉన్నట్టుండి పెంచారు. ఫీజు కట్టి తేదీ తీసుకున్నవాళ్ళు కొందరు తేదీలు మార్చుకోవాల్సి వచ్చింది. కాలేజీలో చేరేముందు సీనియర్లను అడగాల్సిన ప్రశ్నల్లో ఇదొకటి, పరీక్షకు ఎప్పుడు వదులుతారు, నిబంధనలు మధ్యలో మారుస్తారా అని.

చదువు సంగతికొస్తే, యూవరల్డ్ అనే ప్రశ్నల బ్యాంకు అందరిదీ, ఓఎంఎం మాత్రం మా డీఓల సొంతం. ఒక ప్రశ్న ఎలా ఉంటుందో చెబుతాను. నడుం నొప్పితో ఒకాయన వచ్చాడు, నాలుగో నడుం పూస కుడివైపు తిరిగి ఉంది, ముందుకు వంగితే తేడా సర్దుకుంటోంది, వెనక్కి వంగితే ఎక్కువవుతోంది, మజిల్ ఎనర్జీ (పేషెంటు చేతే కండరం బిగించి వదిలించే ఓఎంఎం) పద్ధతిలో సరిచేయాలంటే మొదట ఆయన్ని ఏ భంగిమలో పెట్టాలి? వెన్నుపూసలు ఎలా కదులుతాయో చెప్పే ఫ్రయెట్ సూత్రాల ప్రకారం ఇది రెండో రకం. ఇందులో పూస ఏ వైపు తిరిగితే ఆ వైపుకే ఒరుగుతుంది. అంటే పూస ముందుకు వంగి, కుడికి తిరిగి, కుడికి ఒరిగి ఉంది. పేరు పెట్టేది అది సుఖంగా ఉండే వైపు, వైద్యం చేసేది అది వెళ్ళనని మొండికేసే వైపు, కాబట్టి వెనక్కి వంచి, ఎడమకు తిప్పి, ఎడమకు ఒరిగించాలి. ఇది వస్తే పరీక్షలో ఉచితంగా వచ్చే మార్కులు. చాప్‌మన్ పాయింట్లు మాత్రం శుద్ధ బట్టీ. ఏ అవయవానికి జబ్బు చేస్తే ఒంటి మీద ఏ చోట చిన్న గడ్డలా తగులుతుందో ఒక పెద్ద పట్టిక, అపెండిక్స్‌కు కుడి పన్నెండో పక్కటెముక కొస అన్నట్టు. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను, పాలు తీసుకునేటప్పుడల్లా ఒక వరస చదివేదాన్ని. నిజాయితీగా చెప్పాలంటే వాటి మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటిదాకా ఏ పేషెంటులోనూ అవి నాకు పనికిరాలేదు. మజిల్ ఎనర్జీ అలా కాదు, మెడ పట్టేసి వచ్చిన ఒక నర్సుకు నేనే చేశాను, లేచి తల తిప్పి చూసుకుని "ఓహ్" అంది. ఆ తేడా పరీక్ష పెట్టేవాళ్ళకు అక్కర్లేదు, రెండూ ఒకే తూకంలో అడుగుతారు.

పరీక్ష రోజు గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. 352 ప్రశ్నలు, 8 గంటలు. లోపలికి వెళ్ళే ప్రతిసారీ జేబులు బయటికి లాగి చూపించాలి, చొక్కా చేతులు మడిచి చూపించాలి, కళ్ళజోడు తీసి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూస్తారు. తిండికి పులిహోర తీసుకెళ్ళాను, వేడి చేసుకునే పనిలేదు, కడుపు బరువెక్కదు. ఒక ముఖ్యమైన సంగతి, మన తెలుగువాళ్ళ కోసం ప్రత్యేకంగా: పేర్లు. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, డ్రైవింగ్ లైసెన్సులో చివర, కాలేజీ రికార్డులో రెండు ముక్కల పేరు కలిసిపోయి ఒక ముక్క. పరీక్షకు రిజిస్టర్ అయిన పేరూ ఐడీ మీది పేరూ అక్షరం పొల్లు పోకుండా కలవాలి, లేకపోతే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తారు. మన పేర్ల సంగతి మనకు తెలిసిందే కాబట్టి మొదటి ఏడాదిలోనే అన్నీ ఒకేలా చేయించుకోండి.

మూడో ఏడాది గురించి ఎవరూ ముందు చెప్పరు. చాలా డీఓ కాలేజీలకు సొంత ఆసుపత్రి ఉండదు, చిన్న ఊళ్ళలోని ఆసుపత్రులకు, క్లినిక్కులకు చెదరగొట్టి పంపుతారు. నాకు సర్జరీ ఒక ఊళ్ళో, పిల్లల వార్డు ఇంకో ఊళ్ళో పడ్డాయి, అద్దెలు అక్కడా ఇక్కడా కట్టాల్సి వచ్చింది. లాభం ఏంటంటే మధ్యలో రెసిడెంట్లు ఉండరు, నేరుగా డాక్టరు పక్కనే నిలబడతాం, కుట్లు వేయడం, కాన్పు చేయడం అన్నీ చేతికొస్తాయి. నష్టం ఉత్తరాల దగ్గర బయటపడుతుంది. రెసిడెన్సీకి రికమెండేషన్ లెటర్లు కావాలి, ఒక్కో ప్రోగ్రామ్‌కు నాలుగు దాకా పెట్టొచ్చు. ఊరి డాక్టరు ఎంత గొప్పవాడైనా, యూనివర్సిటీలో చదువు చెప్పే ప్రొఫెసర్ సంతకానికి ఉండే విలువ వేరే. అందుకే నాలుగో ఏడాది మొదట్లో వీఎస్‌ఎల్‌ఓ అనే దరఖాస్తుల వెబ్‌సైట్ ద్వారా బయటి ఆసుపత్రుల్లో నెల రోజుల రొటేషన్లకు వేస్తాం, వాటినే ఆడిషన్లంటారు. మూడో ఏడాదిలో ఒక డాక్టరుగారు "తప్పకుండా రాస్తానమ్మా, నువ్వు నా బెస్ట్ స్టూడెంట్‌వి" అన్నారు, ఆ మాటతో ఆగస్టు దాకా గడిచిపోయింది, ఉత్తరం రాలేదు. చివరికి ఆయన ఆఫీసు మేనేజర్ ఒకావిడ, అరవై దాటి ఉంటాయి, ఆయన మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటుండగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి రాయించి, ఆవిడే అప్‌లోడ్ చేయించింది. డాక్టర్ల కంటే వాళ్ళ ఆఫీసు వాళ్ళతో స్నేహంగా ఉండండి, ఇది జీవితాంతం పనికొస్తుంది.

2024 వేసవిలో రెండు పెద్ద పరీక్షలు. వరస గురించి చాలా ఆలోచించాను. ముందు స్టెప్ టూ సీకే, కొద్ది రోజుల తేడాతో లెవల్ టూ. సీకేకు చదివింది లెవల్ టూకు ఎలాగూ పనికొస్తుంది, మధ్య రోజుల్లో ఓఎంఎం పట్టికలు, మెడికల్ ఎథిక్స్ మళ్ళీ తిరగేస్తే చాలు. వరస తిప్పితే ఓఎంఎం బుర్రలో పెట్టుకుని సీకేకు కూర్చోవాలి, అది దండగ బరువు. రెండు పరీక్షల తీరే వేరు. సీకేలో ఒక్కో ప్రశ్న ఒక పేజీ కథ, ల్యాబ్ రిపోర్టులతో సహా, కానీ ఏమడుగుతున్నాడో చివరికి స్పష్టంగా ఉంటుంది. కామ్లెక్స్‌లో ప్రశ్న పొట్టిది, అందులో చెప్పని విషయాలే ఎక్కువ. రెండు జవాబులు సరైనవే అనిపిస్తాయి, పరీక్ష పెట్టినవాడి మనసులో ఏముందో ఊహించాలి. చదువు ఒకటే అయినా ఈ తీరు మార్పుకు విడిగా సాధన కావాలి, కాబట్టి చివరి వారం కామ్లెక్స్ ప్రశ్నల బ్యాంకు తప్ప ఇంకేదీ ముట్టుకోకండి. నాకు సీకేలో 240ల్లో వచ్చింది, లెవల్ టూలో 550 దాటింది. కళ్ళు చెదిరే మార్కులేం కాదు, నా షీటుకు సరిపోయే మార్కులు.

తర్వాత ఎరాస్, అంటే రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే వెబ్‌సైట్. అప్లికేషన్ ఆ ఏడాది సెప్టెంబర్ 4 నుంచి పంపొచ్చు, ప్రోగ్రాములకు 25న తెరుచుకుంటుంది. ఆ మధ్యలో ఎప్పుడు పంపినా ఒకటే, మొదటి గంటలోనే నొక్కెయ్యాలని నిద్రమానుకోనక్కర్లేదు. అనుభవాలు పది రాయొచ్చు, వాటిలో మూడు మనకు ముఖ్యమైనవని ఎంచి చెప్పాలి. ఆ ఏడాది డబ్బు లెక్క చూడండి: మొదటి 30 ప్రోగ్రాములకు ఒక్కోదానికి 11 డాలర్లు, 31వ దాని నుంచి ఒక్కోటి 30 డాలర్లు. 60కి వేస్తే 1,230 డాలర్లు, ఇది కాక కామ్లెక్స్ మార్కుల షీటుకు వేరే, యూఎస్‌ఎంఎల్‌ఈ షీటుకు వేరే. డీఓలకు భయం ఎక్కువ కాబట్టి వంద దాటి వేసేవాళ్ళు కూడా ఉన్నారు. నా అభిప్రాయంలో ఇప్పుడు దానివల్ల పెద్ద ఉపయోగం లేదు, ఎందుకంటే సిగ్నల్స్ వచ్చాయి. "మీరంటే నాకు నిజంగా ఇష్టం" అని కొన్ని ప్రోగ్రాములకు ముందే చెప్పుకునే ఏర్పాటు ఇది. ఆ ఏడాది ఇంటర్నల్ మెడిసిన్‌లో గోల్డ్ (అన్నిటికంటే ఎక్కువ ఇష్టమైనవాటికి) 3, సిల్వర్ 12. సిగ్నల్ పంపని చోట నుంచి నాకు వచ్చిన ఇంటర్వ్యూలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. గోల్డ్ మూడూ పెద్ద పేర్లున్న చోటికి పంపాలని చేతులు ఉవ్విళ్ళూరతాయి. నేను ఒకటే అలా పంపాను, దాన్నుంచి జవాబు లేదు. మిగతా రెండు నేను ఆడిషన్ చేసిన చోటికి, మా ఇంటికి దగ్గర్లోని చోటికి పంపాను, రెండూ పిలిచాయి. దేశాన్ని తొమ్మిది ప్రాంతాలుగా చేసి అందులో మూడు ఎంచుకోమనే ప్రశ్న కూడా ఉంటుంది. అక్కడ ఎందుకు ఉండాలనుకుంటున్నారో రాసేటప్పుడు "మా అమ్మానాన్న డాలస్‌లో ఉంటారు, వాళ్ళకు దగ్గర్లో ఉండాలి" అని మామూలుగా రాశాను, ముగ్గురు నలుగురు ఇంటర్వ్యూలో దాని గురించే అడిగారు.

ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్‌లోనే. వెనక గోడ మీది వేంకటేశ్వరస్వామి క్యాలెండర్ తీసేద్దామంటే అమ్మ ఒప్పుకోలేదు, కెమెరానే పక్కకు తిప్పాను. ప్రశ్నల్లో నేను ఊహించింది ఒకటి వచ్చింది: స్టెప్ వన్ ఎందుకు రాయలేదు? "లెవల్ వన్ నా లైసెన్సుకు తప్పనిసరి, అది పాసయ్యాను. మీరు పోల్చుకోడానికి అంకె కావాలి కాబట్టి స్టెప్ టూ రాశాను" అన్నాను. తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారు. ఇన్ని నెలలు నిద్ర చెడగొట్టిన ప్రశ్న అది, అర నిమిషంలో అయిపోయింది. ఒకచోట మాత్రం ఇంకెక్కడెక్కడ ఇంటర్వ్యూలు వచ్చాయో పేర్లు చెప్పమన్నారు. మ్యాచ్ నిబంధనల ప్రకారం ప్రోగ్రాములు అలా అడగకూడదు. "టెక్సస్ చుట్టుపక్కలే ఎక్కువ" అని దాటేశాను, ర్యాంక్ లిస్టులో ఆ ప్రోగ్రామ్‌ను కిందికి దించాను.

ర్యాంక్ లిస్టు దగ్గర ఇంట్లో పెద్ద చర్చ. ఇష్టమైనవన్నీ వరసగా పెట్టి మార్చి 5 లోపు ఖాయం చేయాలి. నాన్న "వచ్చే అవకాశం ఉన్నదాన్ని ముందు పెట్టు, లేకపోతే అదీ పోతుంది" అంటారు. అలా కాదు నాన్నా, ఇది మన ఎంసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టినట్టే, పైన పెట్టింది రాకపోతే కిందిదానికి చూస్తారు, పైన పెట్టినంత మాత్రాన కిందిది పోదు అంటే అప్పుడు అర్థమైంది. తేడా ఒకటే, ఇక్కడ ప్రోగ్రాములు కూడా మనకు ర్యాంకులిస్తాయి. ఈ లెక్కను 1990ల్లో సవరించిన ఆల్విన్ రాత్‌కు 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి తెలివి చూపించబోకండి, నిజంగా ఇష్టమైన వరసలోనే పెట్టండి.

మ్యాచ్ వారం మార్చి 17 సోమవారం మొదలైంది. సోమవారం మ్యాచ్ అయిందా లేదా అని మాత్రమే చెబుతారు, ఎక్కడో చెప్పరు. నాకు అయిందని వచ్చింది. నా రూమ్మేట్‌కు కాలేదు. తన మార్కులు నా కంటే బాగా ఎక్కువ, ఆర్థో అలాంటిది. ఇక అక్కడి నుంచి సోప్ అని, మిగిలిపోయిన సీట్ల కోసం పరుగు. 45 ప్రోగ్రాములకు మించి వేయకూడదు, వాళ్ళు ముందు పలకరిస్తే తప్ప మనం ఫోన్ చేయకూడదు, మెయిల్ పెట్టకూడదు. తను ఫోన్ ఛార్జర్ నుంచి తీయకుండా నేల మీద కూర్చుని, కొత్త పర్సనల్ స్టేట్‌మెంట్ రాస్తూ, ఎప్పుడు మోగుతుందా అని చూస్తూ. నేను తన పక్కన కూర్చుని ప్రోగ్రాముల జాబితా చదువుతుంటే తను అవును, కాదు అనేది. గురువారం సర్జరీ ప్రిలిమినరీ ఏడాది (ఒక్క ఏడాదికే ఇచ్చే శిక్షణ సీటు) ఒకటి దొరికింది, తర్వాత ఏడాది మళ్ళీ ప్రయత్నిస్తానంది. ఆ ఏడాది డీఓ చివరి సంవత్సరం విద్యార్థుల్లో 92.6 శాతం మందికి మ్యాచ్ అయింది, ఎండీల్లో 93.5. ఈ అంకెలు చూసి డీఓ అయినా ఎండీ అయినా ఒకటే అనేవాళ్ళున్నారు. మొత్తం మీద చూస్తే తేడా లేదు, నిజమే. ఏ స్పెషాలిటీలో, ఎలాంటి ఆసుపత్రిలో అని అడిగితే తేడా ఉంది. ఫోన్ చేసే అమ్మానాన్నలకు నేను రెండూ చెబుతాను, వాళ్ళు మొదటిదే వింటారు.

శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది, నా లిస్టులో రెండోది వచ్చింది. మధ్యలో మిగిలిన ప్రోగ్రాములు అన్నాను కదా, అలాంటిదే, మూడు బ్యాచుల్లో కలిపి డీఓలు కొద్దిమందే ఉన్న యూనివర్సిటీ ఆసుపత్రి. చేరాక ఒకరోజు మా ప్రోగ్రామ్ డైరెక్టర్‌ని నేరుగా అడిగాను, స్టెప్ టూ లేకపోతే నన్ను పిలిచేవారా అని. కాసేపు ఆలోచించి, "నీ ఫైలు నా దాకా వచ్చేది కాదు" అన్నారు.

ఇప్పుడు ఇంకా లెవల్ త్రీ ఉంది, అది ఇంటర్న్ ఏడాదిలో, అంటే రెసిడెన్సీ మొదటి ఏడాదిలో రాస్తాం, రెండు రోజుల పరీక్ష. రాత్రి డ్యూటీలు అయ్యాక చూడాలి. చాప్‌మన్ పాయింట్ల పట్టిక మళ్ళీ ప్రింటు తీయాలి.